చిట్టెలుకల పంజరంలో లోపం ఎక్కడుంది? సమస్య – పరిష్కారం

మన దగ్గర చిట్టెలుకల కోసమే చేసిన పంజరం దొరకడం అరుదు. దుకాణానికి వెళ్తే లవ్ బర్డ్స్ పంజరమో, హామ్‌స్టర్ పంజరమో చేతిలో పెడతారు. అందులో తెల్ల చిట్టెలుకల్ని వేశాక వచ్చే ఇబ్బందులు ఏళ్ల తరబడి మారలేదు. మేత పెట్టడం, మచ్చిక చేయడం మీకు తెలుసనుకుని నేరుగా విషయంలోకి వస్తున్నాను.

తెల్లారేసరికి ఎలుక కనిపించడం లేదు

ముందు ఊచల మధ్య ఖాళీ చూడండి. ఎన్నిసార్లు చెప్పినా చాలామంది ఈ ఒక్క పనీ వదిలేసి మిగతావన్నీ వెతుకుతారు. మామూలు రాత పెన్సిల్ మందం సుమారు 7 మిల్లీమీటర్లు. అది ఊచల మధ్య నుంచి సులువుగా దూరితే ఆ పంజరం చిట్టెలుకలకు పనికిరాదు. లవ్ బర్డ్స్ పంజరాల్లో ఈ ఖాళీ అరంగుళం దాకా ఉంటుంది. ఎదిగిన మగది అందులో పట్టకపోవచ్చు గానీ, నాలుగైదు వారాల ఆడ ఎలుకపిల్లకు అది తెరిచిన తలుపే. తల పట్టిందంటే ఒళ్లు కూడా పట్టినట్టే. పెన్సిల్‌ను మూలల దగ్గర కాకుండా ఊచల పొడవుకు నడిమిభాగంలో పెట్టి చూడాలి. వేలితో నొక్కితే అవి విచ్చుకునేది అక్కడే.

హార్డ్‌వేర్ దుకాణంలో పావు అంగుళం గళ్ల వెల్డ్ మెష్ (తీగలు అతికించిన ఇనుప జాలీ) అడగండి. కోళ్ల జాలీ గళ్లు మరీ పెద్దవి, నైలాన్ దోమల జాలీ ఒక్క రాత్రికి కూడా ఆగదు. మెష్‌ను పంజరానికి బయటి నుంచి, ఊచలకు అంటుకునేలా బిగించి, బైండింగ్ వైరుతో రెండు మూడు అంగుళాలకొక కట్టు వేయండి. వైరు కొసలు బయటి వైపుకే ఉండాలి. ప్లాస్టిక్ టైలు వాడితే కొరికేస్తాయి. పైకి జరిపే చిన్న తలుపులను ఎలుక మూతితోనే ఎత్తగలదు కాబట్టి ప్రతి తలుపుకూ క్లిప్పు పెట్టండి.

ఊచలు సరిగ్గానే ఉన్నాయి, అయినా బయట పెంటికలు కనిపిస్తున్నాయి

అన్నిటికన్నా దొంగ లోపం ఇదే. దీన్ని పట్టుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది. పొద్దున లెక్కపెడితే ఎలుకలన్నీ పంజరంలోనే ఉంటాయి. కానీ అలమర వెనుక నల్లటి పెంటికలు కనిపిస్తాయి, బియ్యం సంచి మూల కొరికి ఉంటుంది. ఇంటి ఎలుకల పనేనని అందరూ సరిపెట్టుకుంటారు. గూడూ, తోటి ఎలుకలూ, మేతా పంజరంలోనే ఉన్నాయి కాబట్టి రాత్రి బయట తిరిగినవి తెల్లారేలోపు వెనక్కి వచ్చేస్తాయి.

పక్షుల పంజరం అడుగున సొరుగులా లాగే ట్రే ఉంటుంది, దాని మీద తీగల అడ్డ ఉంటుంది. తీగల మీద నడిస్తే ఎలుకల పాదాలు పుండ్లు పడతాయని ఆ అడ్డను తీసేయమంటారు. తీసేయాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే ట్రే దూరే చీలికకూ ఎలుకలకూ మధ్య ఆ కాస్త అడ్డం కూడా అప్పటితో పోతుంది. ట్రే ముందు అంచుకూ పంజరం చట్రానికీ మధ్య ఒక సందు మిగులుతుంది. లోపలి నుంచి అడుగున పరిచిన పొట్టు దాన్ని కప్పేస్తుంది, బయటి నుంచి ట్రే ముందు మడత కప్పేస్తుంది. కొత్తలో బిగుతుగా ఉన్న ట్రే కూడా నాలుగుసార్లు లాగి కడిగేసరికి రేకు వంగి వదులవుతుంది. కొన్న రోజున కొలిచి నిశ్చింతగా ఉన్నవాళ్లు మోసపోయేది ఇందుకే.

ఎలుకలను వేరే డబ్బాలోకి మార్చి, పొట్టంతా తీసేయండి. గదిలో లైట్లు ఆపి, ఫోను టార్చిని పంజరం లోపల అడుగున పడుకోబెట్టండి. పైన ఊచల సంగతి వదిలేసి, అడుగు అంచు వెంట మాత్రమే చూడండి. ఎక్కడ వెలుగు గీతగా బయటికి వస్తోందో అక్కడ పెన్సిల్ పెట్టి చూడండి. దూరితే దారి అదే.

పరిష్కారంగా ట్రే వాడకం మానేయడమే మేలు. చీలిక పొడవునా అల్యూమినియం పట్టీ పెట్టి, రెండు చివరలా నడుమా వైరుతో బిగించి శాశ్వతంగా మూసేయండి. ఇక పెద్ద తలుపు నుంచే శుభ్రం చేసుకోవచ్చు. శ్రమ కొంచెం పెరుగుతుంది, నిజమే. కానీ ఇంట్లో ఎలుకల మందో జిగురు అట్టో ఉంటే ఆ సందు ప్రాణం తీస్తుంది.

ఇదే సందుకు మరో లక్షణం కూడా ఉంది. అన్నీ ఆడవే ఉన్న పంజరంలో ఒకదానికి కడుపు వస్తుంది. కొన్న మూడు వారాల్లోపు ఈనితే అది దుకాణం నుంచే చూలుతో వచ్చిందనుకోవచ్చు, ఎందుకంటే చిట్టెలుక చూలు 19 నుంచి 21 రోజులే. నెల దాటాక కడుపు కనిపిస్తే ముందు గుంపులో మగది కలిసిందేమో చూడండి. లేకపోతే ట్రే సందు చూడండి. ఇంట్లో తిరిగే చిట్టెలుకదీ మన తెల్లదానిదీ ఒకే జాతి.

రోజూ కడుగుతున్నా వాసన పోవడం లేదు

రోజూ కడగడమే ఇక్కడ కారణం. మగది తన వాసన పోయిన చోటల్లా మళ్లీ మూత్రంతో గుర్తు పెడుతుంది. తడిసిన మూలను రెండు మూడు రోజులకొకసారి తీసేయండి. మొత్తం మార్చినప్పుడు పాత పొట్టు గుప్పెడు, పాత గూడు కొంత తిరిగి వేయండి.

తుమ్ములు, గురక లాంటి శబ్దం

గాజు తొట్టిలోనో పైమూతకు మాత్రమే చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలోనో పెంచుతుంటే అడుగున అమ్మోనియా నిలిచిపోతుంది. డబ్బాకు ఎదురెదురు గోడల్లో కిటికీలు కోసి మెష్ బిగించండి. దేవదారు, పైన్ పొట్టు వాడకండి. గాలి బాగా ఆడుతున్నా శబ్దం తగ్గకపోతే అది పంజరం లోపం కాదు, పశువైద్యుడికి చూపించండి.

మధ్యాహ్నం నిలువునా సాగి పడుకుంటోంది

ఎండ దెబ్బకు ముందు కనిపించే గుర్తు ఇది. విజయవాడ, రామగుండం లాంటి చోట్ల మే నెలలో గాజు తొట్టి అసలు వద్దు. నేల మీద, నీడ పట్టున ఊచల పంజరం పెట్టి, లోపల చిన్న మట్టి ముంతను పక్కకు పడుకోబెట్టండి. కూలర్ గాలి నేరుగా తగలనివ్వకండి.

మిగతావి

చీమలు పడితే పంజరం కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టండి, చీమల సుద్ద మాత్రం గీయకండి. చక్రంలో తోక ఇరుక్కుంటే తీగల చక్రం తీసేసి, 20 సెంటీమీటర్ల వ్యాసమున్న, తీగల సందులు లేని చక్రం పెట్టండి. మగవి రెండు కొట్టుకుంటుంటే పెద్ద పంజరం కొన్నా లాభం లేదు, విడివిడిగా ఉంచండి.