గైడుతో చెన్నై నడక: జార్జ్‌టౌన్‌ని ఎలా చూడాలి

చెన్నై చూపించమని ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మొదట అడిగేది, "మేడం, ఒక్క పూటలో ఏమేం కవర్ అవుతాయి?" అని. మెరీనా, కపాలీశ్వరుడి గుడి, కోట, శాంథోమ్ చర్చి, చివర్లో టీనగర్‌లో చీరలు. ఇలాంటి లిస్టు చదివేవాళ్లకి క్యాబ్ మాట్లాడుకోమని చెప్తాను. కోపంతో కాదు, నిజంగానే. దానికి ఓపికున్న డ్రైవర్ చాలు. నాలాంటి గైడుకి డబ్బులివ్వడం దండగ.

మాది పార్క్‌టౌన్. ఇంట్లో తెలుగు, వీధిలోకొస్తే తమిళం. నెల్లూరు, గుంటూరు, హైదరాబాదుల నుంచి వచ్చే కుటుంబాలకి ఊళ్లోని పాత పేటలు జార్జ్‌టౌన్, మైలాపూర్ నడిపించి చూపించడం నా పని. ఒక కుటుంబానికో, నలుగురు స్నేహితులకో మాత్రమే ఒక గైడు, సుమారు మూడు గంటలు. ప్రైవేట్ వాక్ అంటే ఇంతే. పాతికమందిని వెంటేసుకుని తిరిగే గ్రూప్ వాక్‌లో, ఒక పాత అరుగు నచ్చిందని మీరు పది నిమిషాలు నిలబడితే మిగతావాళ్లు సందు మలుపు తిరిగిపోతారు. ఇక్కడ మీరు నిలబడ్డచోట గైడూ నిలబడాలి. అదనంగా ఇచ్చే డబ్బంతా దానికే. అందుకని ప్లాన్ వేసుకునేటప్పుడు ఎన్ని చోట్లకి వెళ్లాలన్నది కాదు, ఎక్కడ ఆగాలన్నది చూసుకోండి.

చీరాల నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఒకాయన గోడౌన్ స్ట్రీట్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు ముందు ఆగి, గుమస్తాతో తానుల రేట్ల గురించీ అరువు గడువుల గురించీ మాట్లాడ్డం మొదలుపెట్టారు. మా రూటులో సగం అక్కడే ఎగిరిపోయింది. వాళ్లావిడ విసుక్కున్నారు గానీ, నా లెక్కలో ఆ పూట వాళ్లకి బాగా గిట్టింది. పుస్తకంలో దొరికే సంగతులు నేను చెప్పగలను. ఆ గుమస్తా మాటలు ఏ పుస్తకంలోనూ లేవు.

ముందు ఒక పేట ఎంచుకోండి

ఒక పూటకి ఒకటే పేట. రెండోది కలిపితే మధ్యలో ఆటో, ట్రాఫిక్, మళ్లీ ఎండ. మెరీనాకి గైడు అక్కర్లేదు, సాయంత్రం మీరే వెళ్లి బజ్జీలు తినండి. సెయింట్ జార్జ్ కోట చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకి బాగుంటుంది. 1680 నాటి సెయింట్ మేరీ చర్చి ఉంది, మ్యూజియం ఉంది. అయితే రాష్ట్ర సచివాలయం కూడా అందులోనే కాబట్టి గుర్తింపు కార్డు, బ్యాగుల తనిఖీ తప్పవు. మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకోకుండా వచ్చి వెనక్కి పోయేవాళ్లు చాలామంది.

మైలాపూర్ పెద్దవాళ్లకి సుఖం. మాడవీధులు, గుడి, కాఫీ అన్నీ దగ్గర దగ్గర. ధనుర్మాసంలో అయితే తెల్లవారుజామున ముగ్గులు, భజనలు. తెలుగువాళ్లకి అక్కడ ఇంకో రెండు పనులున్నాయి. లజ్‌లో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరున్న పార్కు, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు స్మారక భవనం. 1952 డిసెంబర్ 15 రాత్రి ఆయన ప్రాణం విడిచింది ఆ చోటే. అప్పుడది బులుసు సాంబమూర్తి గారి ఇల్లు. మన రాష్ట్రం కథ ఎక్కడ మలుపు తిరిగిందో చూడాలనుకునే రిటైర్డ్ మేష్టర్లని నేను ముందు అక్కడికే తీసుకెళ్తాను. చాలామందికి తెలియని సంగతి, ఆయన పుట్టింది కూడా ఈ ఊళ్లోనే, జార్జ్‌టౌన్ అణ్ణాపిళ్లై వీధిలో.

మొదటిసారి వచ్చేవాళ్లకి మాత్రం జార్జ్‌టౌనే నా మాట. ఇరుకు, చెత్త, హారన్లు అన్నీ ఉంటాయి, ముందే చెప్తున్నాను. చంటిపిల్లల్ని తోపుడుబండిలో తెచ్చేవాళ్లకీ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ కష్టం.

ఎప్పుడు, ఏ రోజు

డిసెంబర్ మూడో వారం నుంచి ఫిబ్రవరి దాకా హాయి. అక్టోబర్, నవంబర్లలో వాన ఎప్పుడైనా కుమ్మేస్తుంది, జార్జ్‌టౌన్ సందుల్లో నీళ్లు నిలిస్తే అడుగు ఎక్కడ పడుతుందో తెలీదు. మే నెల కర్తరి ఎండల్లో నేను బుకింగే తీసుకోను.

పొద్దున ఏడింటికి మొదలుపెడితే పదింటికి ముగించొచ్చు. గుళ్లు మధ్యాహ్నం మూసేసి మళ్లీ నాలుగు దాటాకే తెరుస్తారు. పదకొండుకి మొదలెడదామనేవాళ్లకి దక్కేవి మూసిన తలుపులే.

ఇక ఆదివారమా, మామూలు రోజా? ఆదివారం హోల్‌సేల్ కొట్లు చాలావరకు బంద్. వీధి ఖాళీ, మేడల మీది పాత కొయ్యపని, గోడల మీద రాసున్న కట్టిన సంవత్సరాలు తీరిగ్గా కనపడతాయి. ఫొటోలు తీసేవాళ్లకి అదే మంచిది. కానీ జార్జ్‌టౌన్ అంటే వ్యాపారం. పెళ్లికార్డులకి అండర్సన్ స్ట్రీట్, బట్టలకి గోడౌన్ స్ట్రీట్, ఇలా ఒక్కో సరుకుకి ఒక్కో వీధి. మూటలు మోసేవాళ్లు "ఓరం, ఓరం" (పక్కకి, పక్కకి) అని అరుస్తూ మీ భుజం రాసుకుంటూ పోవాలి. అది కావాలంటే మామూలు రోజు రండి. ఒకే పూట రెండూ దొరకవు. మామూలు రోజు వచ్చేవాళ్లకి నేను ఎనిమిదిన్నరకి మొదలుపెట్టమంటాను, అంతకుముందు కొట్ల షట్టర్లు లేవవు.

గైడుని ఎలా ఎంచుకోవాలి

పర్యాటక శాఖ కార్డు ఉందా అని అడగండి. లేదన్నా వెంటనే వద్దనుకోకండి. ఈ ఊళ్లో మంచి నడకలు నడిపించేవాళ్లలో కొందరు ఉద్యోగాలు చేసుకుంటూ చరిత్ర మీద ప్రేమతో చేసేవాళ్లే. కార్డు కంటే ఫోన్లో రెండు నిమిషాల మాట ఎక్కువ చెప్తుంది. "ఈ పేటలో మీకు నచ్చిన చోటు ఏది, ఎందుకు?" అని అడగండి. మంచి గైడు ఒక వీధో ఒక గడపో చెప్పి ఆపకుండా మాట్లాడతాడు. రూటు లిస్టు చదివి వినిపిస్తే, మీ నడకలోనూ అదే వింటారు.

తెలుగులో చెప్తారా అన్నది ముందే ఖాయం చేసుకోండి. "తెలుగు వచ్చు" అంటే ఇక్కడ చాలా అర్థాలు. "రండి, కూర్చోండి" దాకానే వచ్చినవాళ్లూ ఉంటారు. మీ నాన్నగారికో అత్తయ్యగారికో ఇంగ్లీషు కష్టమైతే, గైడుని వాళ్లతో ఫోన్లో కాసేపు మాట్లాడనివ్వండి. అక్కడే తేలిపోతుంది.

ఫీజు మనిషికా, బృందానికా అడగండి. ప్రైవేట్ నడకకి బృందానికి ఇంత అని ఉండాలి. ఆరుగురు దాటితే ఆ హారన్ల మధ్య వెనక ఉన్నవాళ్లకి ఏమీ వినపడదు, అప్పుడు ఇద్దరు గైడుల్ని పెట్టుకోండి, లేదా రెండు పూటలుగా విడిపోండి. వానొస్తే అడ్వాన్స్ సంగతేంటి, టిఫిన్ ఖర్చు ఎవరిది, ఇవి వాట్సాప్‌లో రాతపూర్వకంగా ఉంటే తర్వాత మాటా మాటా రాదు.

ఇంకొకటి, అడగడానికి మొహమాటపడతారు గానీ తప్పకుండా అడగండి: "షాపింగ్ ఉందా?" కొందరి నడక ఎటు తిరిగినా పట్టుచీరల కొట్లోనే తేలుతుంది. కమిషన్ పద్ధతి అది. కొనాలనుకుంటే తప్పులేదు. అక్కర్లేకపోతే "మేం ఏమీ కొనం" అని బుకింగ్ రోజే చెప్పండి. నిజమైన గైడు ఏమీ అనుకోడు.

మీ వైపు నుంచి గైడుకి చెప్పాల్సినవీ ఉన్నాయి. ఎవరికైనా షుగర్ ఉందా, ఎంతసేపు నిలబడగలరు, పిల్లలు ఎంతమంది, పొద్దున ఏం తిని వస్తారు. అంతకంటే ముఖ్యం, ఈ ఊరితో మీ ఇంటికి ఏదైనా లంకె ఉందా? తాతగారు పచ్చయప్ప కాలేజీలో చదివారా, ముత్తాత కొత్వాల్ చావిడి మార్కెట్‌కి నిమ్మకాయలు పంపేవారా? రెండు రోజుల ముందు ఆ ముక్క చెప్తే మేం రూటు మార్చుకుని వస్తాం. అక్కడికొచ్చాక చెప్తే "అయ్యో, ఆ వీధి దాటేశామండీ" అనాల్సి వస్తుంది.

నా రూటు ఇలా ఉంటుంది

హైకోర్టు మెట్రో స్టేషన్ దగ్గర కలుస్తాం. స్టేషన్‌లో టాయ్‌లెట్ ఉంటుంది, అందరూ అక్కడే పని కానిచ్చుకోండి, ముందుకెళ్తే కష్టం. రోడ్డు మీంచే హైకోర్టు చూస్తాం. 1892 నాటి ఎర్ర కట్టడం. దాని పెద్ద గోపురమే ఒకప్పుడు ఓడలకి దీపస్తంభం. 1977లో మెరీనాలో కొత్తది వచ్చేదాకా ఆ దీపం వెలిగింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ ఓడ ఎండెన్ పేల్చిన గుండ్ల గుర్తుగా గోడకి ఒక ఫలకం కూడా ఉంది.

అక్కణ్ణుంచి ప్యారీస్ కార్నర్. అందరూ ప్యారీ కంపెనీ భవనాన్ని తలెత్తి చూస్తారు, పక్కన నిలబెట్టిన పాత రాతిస్తంభాన్ని ఎవరూ చూడరు. నేను ఎక్కువసేపు ఆగేది అక్కడే. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసుని పట్టుకున్నారు. మూడేళ్లకి ఊరు తిరిగి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. మళ్లీ ఎవరొచ్చినా ఫిరంగులకి అడ్డం ఉండకూడదని కోట చుట్టూ ఇళ్లన్నీ కొట్టేయించి మైదానం చేశారు. ఈ హద్దు దాటి కోటవైపు ఎవరూ కట్టకూడదని 1773లో ఆరు రాళ్లు పాతారు. మిగిలింది ఈ ఒక్కటే. ఇప్పుడు మీరు నడవబోయే జార్జ్‌టౌన్ అంతా ఆ రాయికి అవతల పెరిగిన ఊరు. ఇది తెలియకపోతే తర్వాత చూసే గుడి మామూలు గుడిలాగే కనిపిస్తుంది.

ఆర్మేనియన్ స్ట్రీట్‌లో 1772 నాటి ఆర్మేనియన్ చర్చి. ఏడింటికి వచ్చేవాళ్లకి మూసే ఉంటుంది, తెరిచే వేళ కనుక్కోండి. ఆవరణ నిండా సమాధిరాళ్లు. ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో అచ్చయింది మద్రాసులోనే, దాన్ని నడిపిన ఫాదర్ సమాధి అక్కడే ఉంది. లోపలికెళ్తే వీధి చప్పుడు ఠక్కున ఆగిపోతుంది, పిల్లలు కూడా మెల్లగా మాట్లాడతారు.

తర్వాత బందర్ స్ట్రీట్. త్యాగరాజస్వామి మద్రాసు వచ్చినప్పుడు బస చేసింది ఈ వీధిలోనే, కోవూరు సుందరేశ ముదలియార్ గారింట్లో. సంగీతం తెలిసిన కుటుంబం వస్తే ఎవరో ఒకరు త్యాగరాజస్వామి కట్టిన కోవూరు పంచరత్నాల్లోంచి ఒక కీర్తన ఎత్తుకుంటారు, ఎదురుగా లారీ హారన్ కొడుతూనే ఉంటుంది.

అక్కణ్ణుంచి దేవరాజ ముదలి వీధి, చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర ఆలయాలు. పాత గుడి ఇప్పుడు హైకోర్టు ఉన్నచోట ఉండేది. 1757లో ఈస్టిండియా కంపెనీవాళ్లు దాన్ని కూల్చేశారు, తర్వాత బదులుగా ఇక్కడ స్థలం ఇచ్చారు. మణలి ముత్తుకృష్ణ ముదలియార్ పూనుకుని కేశవుడికీ శివుడికీ పక్కపక్కనే గుళ్లు కట్టించారు. రాయి దగ్గర చెప్పిన కథ ఇక్కడికొచ్చి కలుస్తుంది. ఇక్కడ గైడుని ఈ ఊరి మొదటి తెలుగువాళ్ల గురించి అడగండి. 1639లో కంపెనీకి నేల ఇచ్చిన దామెర్ల వారు, ఆ రోజుల్లో కంపెనీకి దుబాసీగా, అంటే మాటలు తర్జుమా చేసే మధ్యవర్తిగా ఉన్న బేరి తిమ్మప్ప. చెప్పగలిగితే మీ డబ్బు వృథా కాలేదు.

గుడి కోసం విప్పుకోవడానికి వీలుగా చెప్పులే వేసుకోండి, లేసుల బూట్లు వద్దు. గర్భగుడి దగ్గర ఫోన్ లోపల పెట్టేయండి. కొట్లలో ఫొటో తీసేముందు ఒక్కమాట అడిగితే చాలు. పాత మూడు చక్రాల బండ్లవాళ్లని మాత్రం తీయొద్దు, బరువు లాగేటప్పుడు మనిషి మొహానికి ఫోన్ పెట్టడం బాగుండదు.

చివర కొత్వాల్ చావిడి. 1996లో కోయంబేడు వచ్చేదాకా ఊరికంతా కూరగాయలు ఇక్కణ్ణుంచే. కన్యకాపరమేశ్వరి గుడి ఇక్కడే ఉంది, ఆర్యవైశ్య కుటుంబాలు వస్తే నన్ను వదిలేసి పూజారితో గోత్రాలు మాట్లాడుకుంటారు. ఆకలి మీద ఉన్నవాళ్లు మింట్ స్ట్రీట్ దాకా వస్తే, సౌకార్‌పేట మార్వాడీల వేడివేడి జిలేబీ.

నడక అయ్యాక డబ్బులు యూపీఐలో ఇచ్చేయొచ్చు. టిప్ మీ ఇష్టం, అడిగి తీసుకునే గైడుకి ఇవ్వకండి. మధ్యాహ్నం పినాకిని రైలు ఎక్కేవాళ్లు పొద్దునే సామాను సెంట్రల్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టేసి రండి. మింట్ స్ట్రీట్ దక్షిణపు కొస నుంచి స్టేషన్ నడిచే దూరమే. వాల్‌టాక్స్ రోడ్డు మీదుగా వెళ్లండి. కంపెనీవాళ్లు ఊరిగోడ కట్టి దాని ఖర్చుకి పన్ను వేయబోతే జనం ససేమిరా అన్నారు, పన్ను వసూలవలేదు, పేరు మాత్రం రోడ్డుకి ఉండిపోయింది. ఆ రోడ్డులో ఆటోవాళ్లు ఎక్కువ అడుగుతారు, ఎక్కకండి.