ఇంకుడు గుంత ఇంకట్లేదా? ముందు ఇసుక చూడండి

సమస్య: హైదరాబాద్‌లో ఏ కాలనీలో విన్నా ఇదే. వాన పడితే గుంత పొంగి నీళ్లు గేటు దాటుతున్నాయని.

ముందు పొంగేది ఎప్పుడో చూడండి. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వానకి వెయ్యి లీటర్లు దిగుతాయి. నాలుగడుగుల పొడవు, వెడల్పు, లోతున్న గుంతలో రాళ్లూ కంకరా పోను పట్టేది సుమారు 700 లీటర్లే. కుండపోతలో పొంగితే గుంత చిన్నదని అర్థం, పాడైందని కాదు. మర్నాడు పొద్దున మూత తీసినా నీళ్లు నిలిచే ఉంటే అప్పుడు రిపేరు. ఇది చూడకుండానే మేస్త్రీని పిలిచి గుంతంతా తవ్విస్తారు! రోడ్డెక్కిన నీళ్లేమో దారిలోని ఆయిలూ చెత్తా కలుపుకుని నాలాలో పడి, మూసీకి పోతాయి.

కారణం: డాబా మట్టి, ఆకులు గుంతలో కంకర మీదుండే ఇసుకపై పేరుకోవడం అందరికీ తెలిసిందే. దానికైతే పై నాలుగంగుళాల ఇసుక మారిస్తే సరిపోతుంది. మార్చాక కూడా నాలుగు వానలకే మళ్లీ నిలిచిందంటే నా అనుమానం రోబో శాండ్ మీదే, అంటే రాళ్లు పిండి చేసి తయారుచేసే ఇసుక. ఇల్లు కట్టగా మిగిలింది వేస్టెందుకని కంకర మీద పోసేస్తారు. చేతికి గరుగ్గానే తగులుతుంది, కానీ అందులో రాతిపొడి ఉంటుంది. ఆ పొడి వానవానకీ కిందికి జారి, ఇసుకా కంకరా కలిసేచోట గచ్చులా బిగుస్తుంది. పైపైన గోకితే దొరకదు. గడ్డపార కంకర తగిలేదాకా దించండి. నీళ్లు గుడగుడమని దిగాయా, దొంగ దొరికినట్టే.

ఇంకా అనుమానమైతే గుప్పెడు ఇసుక సీసాలో వేసి నీళ్లు పోసి ఊపండి. నీళ్లు చాలాసేపు బూడిదరంగులోనే ఉండి, తర్వాత ఇసుక మీద మెత్తటి పొర కడితే అది గుంతకి పనికిరాదు.

పరిష్కారం: ఇసుక మొత్తం తీసేయండి. కంకర పై వరస కూడా తీసి బయట కడగండి. కడిగిన నీళ్లు మళ్లీ గుంతలోకి పోనివ్వకండి, అలా చేసేవాళ్లూ ఉన్నారు. కంకర మీద నైలాన్ వల పరిచి, కడిగిన దొడ్డు వాగు ఇసుక పోయండి. వల ఉంటే ఈసారి ఇసుక ఒక్కటే తీస్తే చాలు.

అడుగున బండ ఉందని ప్రతి మేస్త్రీ అంటాడు. నిజంగా ఉండే చోట్లూ ఉన్నాయి, కానీ పైన చెప్పినవన్నీ అయ్యాకే ఆ మాట. చెరువు పక్క ఇల్లయితే కింద నీళ్లు ముందే పైదాకా ఉండొచ్చు, అక్కడ గుంతతో పని లేదు.

కారు కడిగిన నీళ్లు, వాషింగ్ మెషీన్ నీళ్లు ఇందులోకి వదలొద్దు. అవి బోర్లలోకే చేరతాయి. తొలకరికి ముందు డాబా ఊడ్చి, మొదటి వాన నీళ్లు మాత్రం పైపు తిప్పి మొక్కలకి పెట్టండి.