ద్వీపంలో మారథాన్‌కు బయల్దేరే సీమ రన్నర్లకు జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ చూసినవాళ్లం, 27 డిగ్రీలు మనకొక లెక్కా! ఈ ధీమాతో పుకెట్‌కో బాలికో మారథాన్‌కు వెళ్లడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదం. సీమ ఎండ వేరు, ద్వీపం ఉక్క వేరు. ఆ తేడా ఒంటికి అలవాటు కాకుండా 42.195 కిలోమీటర్ల పరుగు మొదలుపెట్టకూడదు.

మనది పొడి ఎండ. వేసవి మధ్యాహ్నం అనంతపురంలో గాలిలో తేమ 30 శాతం లోపే ఉంటుంది, చెమట పట్టిన చోటే ఆరిపోతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి దాదాపు 580 కిలో కేలరీల వేడిని తీసుకుపోతుంది. ద్వీపాల్లో తెల్లవారుజామున తేమ 85, 90 శాతం దాకా ఉంటుంది. అక్కడ చెమట ఆరదు, కారిపోతుంది. కారిపోయిన చెమటతో నీళ్లు, ఉప్పు పోతాయి గానీ వేడి పోదు. పరుగులో ఖర్చయ్యే శక్తిలో నాలుగింట మూడు వంతులు వేడిగానే మారుతుంది కాబట్టి, ఆ వేడి బయటికి పోయే దారి మూసుకుంటే గంటలోపే ఒంటి ఉష్ణోగ్రత ఎక్కడికో పోతుంది. అందుకే ఫోన్లో వాతావరణం చూసేటప్పుడు డిగ్రీల కంటే ముందు డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) చూడండి. అది 24 దాటితే వేగం లెక్కలన్నీ మార్చుకోవాలి.

పేరు ఇచ్చే ముందు నెల కూడా చూసుకోండి. పుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలు. బాలిలో నవంబరు నుంచి మార్చి దాకా వానలు, ఏప్రిల్ నుంచి అక్టోబరు కాస్త నయం. మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా ఉక్క, తుపానులు. జూలైలో చల్లగా ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు మారిషస్ జూలై మంచిదని మా అభిప్రాయం.

ఉక్కకు అలవాటు పడటం

ఉక్కకు ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి వారంలో రక్తంలో నీటి భాగం పెరిగి గుండె దడ తగ్గుతుంది. ఆ తర్వాత చెమట త్వరగా, ఎక్కువగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం జరుగుతాయి. వదిలేస్తే మూడు నాలుగు వారాల్లో ఆ అలవాటు చాలావరకు పోతుంది. కాబట్టి రెండు నెలల ముందు చేసి వదిలేస్తే ప్రయోజనం లేదు, రేసుకు ముందు మూడు వారాల్లోపు చేయాలి.

మన ఊళ్లలో తేమ దొరకదు, తయారు చేసుకోవాలి. ఇంట్లో గానీ జిమ్‌లో గానీ ట్రెడ్‌మిల్ ఉంటే ఫ్యాను, ఏసీ ఆపేసి, కిటికీలు మూసి, గదిలో తడి దుప్పట్లు ఆరేసి 45 నుంచి 60 నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తండి. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలిగినంత వేగమే ఉండాలి. ట్రెడ్‌మిల్ లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. పరుగు అయిన వెంటనే 40 డిగ్రీల వేడి నీళ్ల తొట్టిలో మెడ దాకా కూర్చోవడం. మొదటి రోజు 15 నిమిషాలు, రోజురోజుకూ పెంచుతూ 40 నిమిషాల దాకా, వరసగా ఆరు రోజులు. నీళ్ల వేడి చేత్తో అంచనా వేయొద్దు, థర్మామీటర్‌తో చూడండి. ఇంట్లో ఇంకొకరు లేకుండా ఇది చేయొద్దు. లేచేటప్పుడు గోడ పట్టుకుని మెల్లగా లేవాలి, రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరిగి పడేది అప్పుడే. బీపీ మందులు, ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఈ రెండూ చేయకూడదు.

మధ్యాహ్నం రెండు గంటల ఎండలో కొండారెడ్డి బురుజు దాకా పరిగెత్తి అలవాటు చేసుకుంటామంటే కుదరదు. అది వడదెబ్బకు దారి, ఉక్కకు శిక్షణ కాదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో వాన వెలిసిన తెల్లవారుజాములు మాత్రం వదులుకోవద్దు. ఏడాదిలో ద్వీపం గాలికి కాస్త దగ్గరగా ఉండేవి ఆ గంటలే.

చెమట కొలత

ఎంత తాగాలో పక్కవాళ్లను చూసి నేర్చుకునేది కాదు. తేమ గదిలో గానీ వాన వెలిసిన పొద్దున గానీ ఇలా కొలుచుకోండి. ముందు మూత్రానికి వెళ్లి, బట్టల్లేకుండా బరువు చూసుకోవాలి. గంట పరుగు, మధ్యలో తాగిన నీళ్లకు లెక్క రాసుకోవాలి. తర్వాత ఒళ్లు తుడుచుకుని మళ్లీ బరువు. ముందు 68.0 కిలోలు, తర్వాత 67.2, మధ్యలో తాగింది 400 మిల్లీలీటర్లు అనుకుందాం. తగ్గింది 800 గ్రాములు, తాగింది 400, కలిపితే గంటకు 1.2 లీటర్ల చెమట. మారథాన్‌లో ఈ మనిషి గంటకు 600 నుంచి 700 మిల్లీలీటర్లు తాగితే చాలు.

పోయిందంతా తిరిగి తాగాలని చూడొద్దు. పరుగులో కడుపు అంత ఇముడ్చుకోలేదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఉత్త నీళ్లు ఎక్కువ తాగి రక్తంలో సోడియం పలచబడటం. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తపరీక్ష చేసిన 488 మందిలో 13 శాతం మందికి ఈ ఇబ్బంది కనిపించింది. నెమ్మదిగా, ఐదారు గంటలు పరిగెత్తుతూ ప్రతి స్టాల్ దగ్గరా రెండేసి గ్లాసులు తాగేవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వాంతి, మాట తడబడటం దీని గుర్తులు. పరుగు చివర బరువు కిలో రెండు కిలోలు తగ్గితే ఫర్వాలేదు, పెరిగితేనే ప్రమాదం.

ఉప్పు కోసం ఓఆర్ఎస్ పొడి ఇక్కడి నుంచే తీసుకెళ్లండి. ప్యాకెట్ వెనక లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు అని ఉండాలి. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పండ్ల పానీయాలు దీనికి బదులు కావు. ఒక ప్యాకెట్ ఒక లీటరు నీళ్లకే. గ్లాసులో సగం ప్యాకెట్ వేసుకుంటే దాహం పెరుగుతుంది, కడుపు తిప్పుతుంది. రేసులో ఒక స్టాల్ దగ్గర నీళ్లు, తర్వాతి స్టాల్ దగ్గర ఉప్పు కలిసిన పానీయం అనుకుంటే లెక్క సులువు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు రేసుకు ముందు రోజు నుంచే మానేయాలి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

తిండి

ముందు రెండు రోజులు సంగటి, జొన్న రొట్టె, పప్పులు పక్కన పెట్టండి. పీచు ఎక్కువైతే ఉక్కలో కడుపు కలత పెడుతుంది. తెల్లన్నం, పెరుగు, అరటిపండు చాలు. పరుగులో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి: రన్నర్లు వాడే తియ్యటి ఎనర్జీ జెల్ ప్యాకెట్లయితే ఒకటిన్నర నుంచి రెండు, లేదా బెల్లం ముక్కలు, ఖర్జూరాలు. బుడ్డల ఉండలు రుచికి బాగుంటాయి గానీ వాటిలో నూనె ఎక్కువ, పరుగులో అరగవు. రేసు రోజు ఏం తినాలో ఇక్కడే రెండు లాంగ్ రన్‌లలో (ఎక్కువ దూరపు శిక్షణ పరుగుల్లో) తిని చూసుకోవాలి.

ప్రయాణం

అనంతపురం నుంచి బెంగళూరు విమానాశ్రయానికి 44వ జాతీయ రహదారి మీదే వెళ్లొచ్చు, ఊళ్లోకి దిగే పని లేదు. కర్నూలు వాళ్లకు శంషాబాద్ దగ్గర. కడప వాళ్లకు బెంగళూరు, చెన్నై ఇంచుమించు సమాన దూరం. ఏ దారైనా విమానం ఎక్కేముందు రాత్రి బస్సు ప్రయాణం పెట్టుకోకండి, ఆ నిద్ర మళ్లీ పూడదు.

రేసు బూట్లు, ఒక జత బట్టలు, మందులు చేతి సంచిలోనే ఉండాలి. 100 మిల్లీలీటర్లు దాటిన జెల్ డబ్బాలు, ఊరగాయలు చేతి సంచిలో వదలరు. మనవాళ్లు మరిచిపోయేది గసగసాలు. సింగపూర్, దుబాయ్‌లలో అవి నిషేధం. ఆ దారిన వెళ్తూ గసగసాలు పడిన మసాలా పొడులు పెట్టుకుంటే చిక్కులు తప్పవు. కొడీన్, ట్రమడాల్ ఉన్న దగ్గు, నొప్పి మందులు ఇంటి దగ్గరే వదిలేయండి. మిగతా మందులకు డాక్టరు చీటీ ఇంగ్లిష్‌లో ఉండాలి. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మారథాన్ పోటీకి వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. చాలా పాలసీల్లో క్రీడా పోటీలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి.

గడియారం కూడా లెక్కలోకి తీసుకోవాలి. పుకెట్ మనకంటే గంటన్నర ముందు, బాలి రెండున్నర గంటలు ముందు. పుకెట్‌లో 4 గంటల స్టార్ట్ అంటే మన 2.30; లేచేది మన అర్ధరాత్రి దాటగానే. వారం ముందు నుంచే రాత్రి 8కి పడుకోవడం మొదలుపెట్టాలి.

అక్కడికి చేరాక

వీలైతే ఐదు రోజుల ముందు చేరండి. గది ఏసీ 26 కంటే తగ్గించకండి. 18లో పగలంతా పడుకుంటే తెచ్చుకున్న అలవాటు పాడవుతుంది. రోజూ పొద్దున 30 నిమిషాలు నెమ్మదిగా పరుగు చాలు. వానాకాలంలో పుకెట్ పడమటి తీరాన ఎర్ర జెండా ఉంటే మోకాళ్ల లోతుకు కూడా దిగొద్దు. సముద్రం వెనక్కి లాగేస్తే ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా పక్కకు ఈదాలి. బాలిలో 2008 నుంచి రేబిస్ ఉంది. కుక్క గానీ కోతి గానీ కరిచినా గీరినా సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి. డెంగీ దోమ కుట్టేది పగలు. ముందు సన్‌స్క్రీన్, అది ఆరాక పైన దోమల మందు రాయాలి.

రేసు రోజు నూలు బనియన్ వద్దు, నీళ్లు పట్టి బరువెక్కుతుంది. తొడలకు, చంకలకు, కాలివేళ్ల సందుల్లో వాసెలిన్ దట్టంగా రాయండి, మగవాళ్లు చనుమొనలకు మైక్రోపోర్ టేప్ అంటించుకోవాలి. పది కిలోమీటర్లకే బూట్లు చెమటతో నానిపోతాయి, అందుకే సింథటిక్ సాక్సులు.

వేగం 5 నుంచి 8 శాతం తగ్గించుకోవాలి. మన దగ్గర చల్లని పొద్దున 4 గంటల్లో పూర్తి చేసేవాళ్లకు కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు పడుతుంది. అక్కడ అది 5.58 నుంచి 6.08 దాకా ఉండాలి, అంటే మొత్తం 4 గంటల 12 నుంచి 19 నిమిషాలు. మొదటి పది కిలోమీటర్లలో ఒళ్లు తేలిగ్గా ఉందని పాత వేగం పట్టుకుంటే 28 దాటాక నడకే. స్టాళ్లలో దొరికే ఐసు, తడి స్పాంజీలు తల మీద, మెడ మీద పెట్టుకోండి, కానీ బూట్లలోకి నీళ్లు పోకుండా చూసుకోండి.

తోడు వచ్చినవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి. మనిషి తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఊరికే కోపం తెచ్చుకుంటున్నా అది వడదెబ్బే అనుకోండి. పరుగులో వచ్చే వడదెబ్బలో చెమట ఆగిపోవాలనేమీ లేదు, చర్మం తడిగానే ఉండొచ్చు. వెంటనే మెడికల్ టెంట్ వాళ్లను పిలిచి, ఐసు నీళ్ల తొట్టిలో మెడ దాకా ముంచాలి, తల పైకి పట్టుకోవాలి. తొట్టి లేకపోతే ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ విసరాలి. ముందు చల్లబరచడం, తర్వాతే ఆస్పత్రి. మొదటి అరగంటే ప్రాణం నిలబెడుతుంది. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

ఇంటికొచ్చాక రెండు వారాల్లోపు జ్వరం వస్తే మారథాన్ అలసట అని సరిపెట్టుకోకుండా ఏ ద్వీపానికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పి డెంగీ పరీక్ష చేయించుకోండి. ఫలితం వచ్చేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టొద్దు, పారాసిటమాల్ మాత్రమే.