వాణిజ్య ఒప్పందాన్ని ఆరోగ్యం కోసం చదవడం – 4వ పాఠం: ఆపింది దేన్ని?

పసిఫిక్ ద్వీపదేశం సమోవా టర్కీ కోడి తోకల మీద పెట్టిన నిషేధం వాణిజ్య నియమాల ప్రకారం చెల్లుతుందా? పోయినసారి ఈ అభ్యాసానికి వచ్చిన జవాబులు చాలావరకు ఒకేచోట తప్పాయి. “సమోవా టర్కీ తోకల్ని ఆపింది ఆరోగ్యం కోసం. గ్యాట్ 20(బి) అధికరణం ఆరోగ్యానికి మినహాయింపు ఇస్తుంది. కాబట్టి నిషేధం చెల్లుతుంది” అని రాశారు. (గ్యాట్ అంటే సరుకుల వాణిజ్యానికి ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యదేశాలు పాటించాల్సిన ఒప్పందం.) సుంకాల పట్టిక ఈరోజు మొదలుపెడదామనుకున్నాను. ముందు ఇది సరిచేసుకుందాం.

టర్కీ తోకంటే ఆ కోడి వెనక, ఈకలు మొలిచే చోటుండే చిన్న ముక్క. కోస్తే చర్మం కింద చాలావరకు కొవ్వే. అమెరికాలో పెద్దగా ఎవరూ కొనని ఈ ముక్కల్ని గడ్డకట్టించి సమోవాకు పంపేవాళ్లు. ఊబకాయం, షుగర్ జబ్బు పెరిగిపోవడంతో సమోవా 2007లో వాటి దిగుమతి ఆపేసింది. 2012 మేలో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. చేరాలంటే ఆ నిషేధం ఎత్తేయాల్సిందేనన్నారు. బదులుగా రెండేళ్లపాటు 300 శాతం సుంకం, ఆ తర్వాత 100 శాతం వేసుకోనిచ్చారు.

మరి 20(బి) ఏమైంది? అది సభ్యదేశం వివాదం వచ్చినప్పుడు వాదించుకునే అధికరణం. సమోవా అప్పటికింకా గుమ్మం బయటే ఉంది. బయటున్న దేశం ఏ షరతులకు ఒప్పుకోవాలో లోపలున్నవాళ్లు బేరమాడి తేలుస్తారు. అందుకే దేశం లోపలుందా, బయటుందా అన్నది అధికరణం తెరవకముందే చూడాలి.

రెండో తప్పు నన్ను ఎక్కువ బాధపెట్టింది. దిగుమతి నిషేధం, అమ్మకం నిషేధం ఒకటే అన్నట్టు రాశారు. ఒకటి కాదు. ఫిజీ 2000లో మటన్ ఫ్లాప్స్‌ని, అంటే గొర్రె పొట్ట దగ్గరి కొవ్వు మాంసాన్ని, ఆపింది. అది వచ్చేది న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల నుంచి. అయినా ఫిజీ ఆపింది దిగుమతిని కాదు, అమ్మకాన్ని. “దిగుమతి చేయరాదు” అని రాస్తే, దిగుమతి నిషేధాలు వద్దనే గ్యాట్ 11వ అధికరణం అడ్డొస్తుంది, ఇక మినహాయింపు వెతుక్కోవాలి. “అమ్మరాదు” అని రాస్తే 3వ అధికరణం కింద అడిగేది వేరు: మీ దేశపు సరుకునూ బయటి సరుకునూ ఒకేలా చూస్తున్నారా? చూస్తుంటే, ఆ అమ్మకం నిషేధాన్ని అమలుచేయడానికి రేవులోనే కంటెయినర్‌ని ఆపినా లెక్క 3వ అధికరణం కిందే. తీపి పానీయాల పన్నూ అంతే. దిగుమతి సుంకమైతే ఒప్పుకున్న గరిష్ఠ పరిమితి దాటకూడదు. దేశంలో తయారైనవాటికీ పడే ఎక్సైజ్‌కి ఆ పరిమితి లేదు.

నేనైతే చట్టం చేతికి రాగానే క్రియాపదం కింద పెన్సిల్‌తో గీత గీస్తాను. తక్కినదంతా తర్వాతే చదువుతాను.

అభ్యాసం: సమోవా 2007 నిషేధాన్ని ఏ దేశం పేరూ, ‘దిగుమతి’ అన్న మాటా లేకుండా, కొవ్వు శాతం ఆధారంగా ఒకే వాక్యంలో తిరగరాయండి. తర్వాత ఎగుమతిదారు తరఫు లాయరుగా కూర్చుని, మీ వాక్యం మీద మీరే మూడు అభ్యంతరాలు రాయండి. వాటిలో ఒకటి కచ్చితంగా ఇది కావాలి: “ఇంతే కొవ్వున్న డబ్బా మాంసాన్ని ఎందుకు వదిలేశారు?”