పాత యూనిక్స్ వర్క్‌స్టేషన్‌కు మోడెమ్ తగిలించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఇటీవల తెలిసినవారొకరు తమ పాత స్పార్క్‌స్టేషన్‌కు (సన్ కంపెనీ యూనిక్స్ యంత్రం) మోడెమ్ (ఫోను లైను మీదుగా కంప్యూటర్లను కలిపే పరికరం) అమర్చి, బయటి నుంచి డయల్ చేసి, రూట్‌గా (సర్వాధికారాలున్న ఖాతాతో) లాగిన్ అయి పని చేస్తూ ఉండగా లైను తెగిపోయింది. మళ్ళీ డయల్ చేసేసరికి లాగిన్ పేరు గానీ పాస్‌వర్డు గానీ అడగకుండానే, వారు వదిలిన చోటే రూట్ షెల్ (ఆదేశాలు తీసుకునే ప్రోగ్రాము) తెరిచి కనిపించింది. రెండోసారి డయల్ చేసింది కూడా వారే కనుక నష్టం జరగలేదు. వరుసగా నంబర్లకు డయల్ చేస్తూ మోడెములను వెతికే ప్రోగ్రాము ఏదైనా ఆ మధ్యలో తగిలి ఉంటే యంత్రం మొత్తం పరుల చేతికి పోయి ఉండేది. వెనుక వైపు తిప్పి చూస్తే తేలిన కారణం ఒక్కటే: పోర్టుకూ మోడెమ్‌కూ మధ్య ఉన్నది మూడు తీగల కేబుల్.

పోర్టు ఎక్కడుందో వెతకడం, ప్లగ్గు దూర్చడం వంటివి ఇక్కడ చెప్పడం లేదు. ఈ పనికి పూనుకున్నవారికి అవి తెలిసే ఉంటాయి. ఒకప్పుడు డయల్-అప్ అంటే చాలామందికి సేవాసంస్థ నంబరుకు డయల్ చేయడమే. జవాబిచ్చే కొసను అమర్చే బాధ్యత ఆ సంస్థ ఇంజినీర్లది. 2025 సెప్టెంబరు 30న అమెరికా సేవాసంస్థ ఏఓఎల్ కూడా తన డయల్-అప్ సేవను ఆపేసింది. పాత యంత్రాన్ని మోడెమ్‌తో నెట్‌వర్కుకు కలపాలనుకునేవారు ఇప్పుడు చాలాసార్లు రెండు కొసలనూ తామే నడుపుకోవలసి వస్తోంది. జవాబిచ్చే కొసలో ఈ తప్పు జరిగితే ఎంత ముప్పో పై సంఘటన చెబుతోంది.

కేబుల్

ఆర్‌ఎస్-232 పోర్టులో (మోడెమ్ తగిలించే సీరియల్ పోర్టు) అక్షరాలు పోవడానికి ఒక తీగ, రావడానికి ఒక తీగ, గ్రౌండుకు ఒక తీగ ఉంటే సంభాషణ నడిచిపోతుంది. 25 పిన్నుల కనెక్టరులో ఇవి 2, 3, 7 పిన్నులు. ఈ మూడింటితోనే టిప్ (మోడెమ్‌తో మాట్లాడే ప్రోగ్రాము) తెరిచి ‘ఏటీ’ అని టైపు చేస్తే మోడెమ్ ‘ఓకే’ అంటుంది, నంబరు ఇస్తే డయల్ చేస్తుంది, అవతలి మోడెమ్‌తో కలిసి ‘కనెక్ట్’ అని కూడా చూపిస్తుంది. అంతా సవ్యంగా ఉందన్న నమ్మకం అక్కడే కుదిరిపోతుంది. నేను చూసిన చెడిపోయిన అమరికల్లో ఎక్కువ భాగం ఈ ‘ఓకే’ను నమ్మి చెడినవే. ‘ఓకే’ అన్న జవాబు ఆ మూడు తీగలు బాగున్నాయని మాత్రమే రుజువు చేస్తుంది. ప్రమాదాన్ని ఆపవలసిన తీగలు వేరే ఉన్నాయి, వాటి గురించి ఆ జవాబు ఏమీ చెప్పదు.

8వ పిన్ను డీసీడీ. అవతలి మోడెమ్ క్యారియర్, అంటే లైను మీద అది పంపే ధ్వని, ఉన్నంతసేపే మోడెమ్ ఈ సంకేతాన్ని నిలిపి ఉంచుతుంది. అది పడిపోయినప్పుడు యూనిక్స్ కెర్నెల్ ఆ టెర్మినల్ మీద ఉన్న షెల్‌కు హ్యాంగప్ సిగ్నల్ పంపి సెషన్‌ను ముగిస్తుంది. ఈ తీగ లేకపోతే లైను తెగిందన్న సంగతి యంత్రానికి చేరే దారి లేదు కాబట్టి, షెల్ అలాగే కూర్చుని తరువాత డయల్ చేసినవారికి జవాబిస్తుంది. 20వ పిన్ను డీటీఆర్ (యంత్రం సిద్ధంగా ఉందని మోడెమ్‌కు చెప్పేది), దీని దిశ ఎదురు: యంత్రం పోర్టును మూసివేసినప్పుడు ఇది పడిపోతుంది, దాన్ని చూసి మోడెమ్ ఫోను పెట్టేస్తుంది. ఈ తీగ లేని చోట ప్రోగ్రాము చచ్చిపోయినా ఫోను లైను గంటల తరబడి తెరిచే ఉంటుంది, ఆ బిల్లు మీకే వస్తుంది.

4, 5 పిన్నులు ఆర్‌టీఎస్, సీటీఎస్. అక్షరాల ప్రవాహాన్ని ఆపి మళ్ళీ వదిలేవి ఇవే. చాలా స్పార్క్‌స్టేషన్లలో ఉన్న జైలాగ్ 8530 చిప్పు (సీరియల్ పోర్టును నడిపేది) వచ్చిన అక్షరాలను మూడు బైట్ల కంటే ఎక్కువ దాచుకోలేదు. సెకనుకు 38,400 బిట్ల వేగంలో సెకనుకు 3,840 అక్షరాలు వస్తాయి, అంటే ఒక మిల్లీసెకను లోపలే ఆ చోటు నిండిపోతుంది. అవతలి దిశలో, మోడెమ్ లైను మీద పంపగలిగిన దానికంటే వేగంగా యంత్రం తోసినప్పుడు ‘ఆగు’ అని మోడెమ్ చెప్పగలిగేది సీటీఎస్ ద్వారానే. ఈ జంట లేకపోతే చిన్న మెయిల్ వెళుతుంది, పెద్ద ఫైలు సగంలో నిలిచిపోతుంది, తప్పు ఎక్కడుందో తెలియక పీపీపీ (మోడెమ్ గుండా నెట్‌వర్కును నడిపే పద్ధతి) అమరికను మార్చి మార్చి చూస్తూ ఉంటారు.

మూడు తీగల కేబుల్‌తో ఇంకొక చిక్కు ఉంది. డీటీఆర్ అందక మోడెమ్ మొరాయిస్తే ‘ఏటీ&డీ0’ (డీటీఆర్‌ను పట్టించుకోవద్దని) పెట్టమని, డీసీడీ అందక పోర్టు తెరుచుకోకపోతే సాఫ్ట్ క్యారియర్ (క్యారియర్ లేకున్నా ఉన్నట్టే అనుకునే అమరిక) వేయమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. ఆ రెండూ చేస్తే పని నడుస్తుంది. కానీ ఒక తీగ లోపాన్ని కప్పిపుచ్చడానికి రెండు కాపలాలను మీ చేతులతోనే తీసేసినట్టవుతుంది. తరువాత మంచి కేబుల్ తెచ్చి పెట్టినా ఆ రెండు అమరికలు అలాగే ఉండిపోయి, తీగ ఉండీ లేనట్టే అవుతుంది.

కనుక ముందుగా 2, 3, 4, 5, 6, 7, 8, 20 పిన్నులు నేరుగా కలిసిన మోడెమ్ కేబుల్ సంపాదించండి. కొన్నదైనా సరే, మల్టీమీటరుతో పిన్ను పిన్నుకూ తీగ ఉందో లేదో చూసిన తరువాతే తగిలించండి. స్పార్క్‌స్టేషన్ 20లో రెండు సీరియల్ పోర్టులూ ఒకే కనెక్టరులో ఉంటాయి కాబట్టి రెండో పోర్టుకు చీలిక కేబుల్ తప్పదు. ఎస్‌జీఐ కంపెనీ ఇండీ యంత్రంలో ఎనిమిది పిన్నుల గుండ్రని సాకెట్ ఉంటుంది. మాకింటోష్ మోడెమ్ కేబుల్ అందులో చక్కగా దూరుతుంది, కానీ పిన్నుల అమరిక వేరు కనుక పేరుకు ఎనిమిది పిన్నులున్నా అది మూడు తీగల కేబుల్ లాగానే మోసం చేస్తుంది.

యూనిక్స్ వైపు

సన్ వారి యూనిక్స్ అయిన సోలారిస్‌లో ఈఈప్రామ్‌లోని (యంత్రం ఆపినా చెరగని అమరికల చోటు) ‘టీటీవైఏ-ఇగ్నోర్-సీడీ’ విలువ కర్మాగారం నుంచి ‘ట్రూ’గానే వస్తుంది, అంటే క్యారియర్‌ను పట్టించుకోవద్దని. టెర్మినళ్ళు తగిలించే కాలానికి అది సబబే, మోడెమ్‌కు మాత్రం (బీ పోర్టుకైతే ‘టీటీవైబీ-ఇగ్నోర్-సీడీ’ని) ‘ఫాల్స్’ చేసి యంత్రాన్ని మళ్ళీ బూట్ చేయాలి. లాగిన్ సేవను అమర్చేటప్పుడు టీటీవైఏడీఎం ఆదేశంలో సాఫ్ట్ క్యారియర్‌ను ‘ఎన్’ అని ఇవ్వాలి. సోలారిస్‌కు ముందరి సన్‌ఓఎస్ 4లో /ఈటీసీ/టీటీవైట్యాబ్ ఫైలులో ఆ పోర్టు వరుసలో ‘లోకల్’ అన్న మాట ఉంటే క్యారియర్‌ను వదిలేయమని అర్థం, ‘సెక్యూర్’ అన్న మాట ఉంటే రూట్‌ను నేరుగా లాగిన్ కానివ్వమని అర్థం. మోడెమ్ ఉన్న వరుసలో ఆ రెండు మాటలూ ఉండకూడదు. ఎస్‌జీఐ వారి యూనిక్స్ అయిన ఐరిక్స్‌లో ఒకే పోర్టుకు మూడు పేర్లుంటాయి: టీటీవైడీ క్యారియర్‌ను చూడదు, టీటీవైఎం చూస్తుంది, టీటీవైఎఫ్ క్యారియర్‌తో పాటు ఆర్‌టీఎస్, సీటీఎస్‌లనూ పాటిస్తుంది. మోడెమ్‌కు టీటీవైఎఫ్ వాడండి. పేరులో ఒక్క అక్షరం మారితే మీ మంచి కేబుల్ మళ్ళీ మూడు తీగల కేబుల్ అయిపోతుంది.

మోడెమ్ వైపు

‘ఏటీ&సీ1’ అంటే డీసీడీ నిజమైన క్యారియర్‌ను అనుసరించాలని, ‘ఏటీ&డీ2’ అంటే డీటీఆర్ పడిపోగానే ఫోను పెట్టేయాలని. ఈ రెండూ తప్పనిసరి. ప్రవాహ నియంత్రణ ఆదేశం తయారీదారును బట్టి మారుతుంది: రాక్‌వెల్ చిప్పులకు ‘&కే3’, యూఎస్ రోబోటిక్స్ మోడెములకు ‘&హెచ్1’, ‘&ఆర్2’. అమర్చిన తరువాత ‘ఏటీ&డబ్ల్యూ’తో దాచండి. పక్కనో అడుగునో చిన్న స్విచ్చులున్న మోడెములలో డీటీఆర్‌నూ క్యారియర్‌నూ పక్కన పెట్టేసే స్విచ్చు ఉండవచ్చు, దాన్ని కూడా చూడండి. లాగిన్ కోసం వదిలిన పోర్టులో ‘ఏటీఈ0క్యూ1’ పెట్టకపోతే, గెట్టీ (లాగిన్ పేరు అడిగే ప్రోగ్రాము) పంపిన ‘లాగిన్’ అన్న మాటను మోడెమ్ తిరిగి వినిపిస్తుంది, గెట్టీ దాన్ని ఎవరో టైపు చేసిన పేరనుకుని మళ్ళీ జవాబిస్తుంది, ఆ రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ప్రాసెసర్‌ను తినేస్తాయి.

లైనును బయటి ప్రపంచానికి వదిలే ముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది: బయటి నుంచి మామూలు ఖాతాతో లాగిన్ అయి, లాగౌట్ కాకుండా ఫోను తీగ పీకేయండి. క్యారియర్ పోయిందని మోడెమ్ గుర్తించిన తరువాత ‘హూ’ ఆదేశం చూపే లాగిన్ అయినవారి జాబితాలో ఆ పేరు గానీ, ‘పీఎస్’ చూపే ప్రోగ్రాముల జాబితాలో ఆ షెల్ గానీ మిగలకూడదు. రెండోది: లైను కలిసి ఉండగా యంత్రంలో పీపీపీడీని (పీపీపీ నడిపే ప్రోగ్రాము) గానీ టిప్‌ను గానీ చంపేయండి. మోడెమ్ మీద ఓహెచ్ దీపం (ఫోను ఎత్తి ఉందని చూపేది) ఆరిపోవాలి. ఈ రెండింటిలో ఏది తప్పినా, అక్షరాలు ఎంత చక్కగా పోతున్నా సరే, ఆ అమరిక పనికిరాదు. ‘ఓకే’ వచ్చిందని ఎవరైనా అంటే ఈ పరీక్షలు చేశారా అని అడగండి.

ఇక మిగిలినవి వరుసగా:

- కీబోర్డు లేని సన్ యంత్రంలో మొదటిదైన ‘ఏ’ పోర్టే కన్సోల్ (యంత్రాన్ని నేరుగా నడిపే టెర్మినల్) అవుతుంది. దానికి మోడెమ్ తగిలించవద్దు. మోడెమ్ స్విచ్ తీసినప్పుడు పుట్టే బ్రేక్ సంకేతానికి నడుస్తున్న యంత్రం ఆగిపోయి బూట్ ప్రోగ్రాము ‘ఓకే’ ప్రాంప్ట్‌కు పడిపోతుంది. బీ పోర్టు వాడండి.

- డయల్-ఇన్ లైను మీద రూట్ లాగిన్ వద్దు. సోలారిస్‌లో /ఈటీసీ/డిఫాల్ట్/లాగిన్‌లో కన్సోల్ వరుస ముందున్న వ్యాఖ్య గుర్తు తొలగి ఉందని నిర్ధారించుకోండి.

- సన్‌ఓఎస్ 4తో వచ్చిన /ఈటీసీ/హోస్ట్స్.ఈక్వివ్ ఫైలులో ఒంటరి ‘+’ గుర్తు ఉంటే తీసేయండి. ఏ యంత్రం నుంచి వచ్చినా నమ్మమని దాని అర్థం.

- ఐరిక్స్‌లో ఎల్‌పీ, గెస్ట్, డెమోస్, 4డీగిఫ్ట్స్ వంటి ఖాతాలు పాస్‌వర్డు లేకుండా వచ్చాయి. ప్రతి ఒక్కదానికీ తాళం వేయండి.

- పీపీపీ లేచే ముందే ఐనెట్‌డీ.కాన్ఫ్‌లో (నెట్‌వర్కు సేవల జాబితా ఉన్న ఫైలు) టెల్‌నెట్, ఫింగర్, ఆర్‌ఎస్‌హెచ్, ఆర్‌పీసీ సేవలను ఆపండి. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ (తనంతట తానే వ్యాపించే ప్రోగ్రాము) వ్యాక్స్ యంత్రాలలోకి దూరిన దారుల్లో ఫింగర్ ఒకటి, సెండ్‌మెయిల్ మరొకటి.

- ఈథర్‌నెట్, పీపీపీ రెండూ ఉన్న సోలారిస్ యంత్రం తనంతట తానే రూటరు అయిపోగలదు. /ఈటీసీ/నాట్‌రూటర్ ఫైలు సృష్టించండి.

- ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్‌లతో (తీగలకు బదులు అక్షరాలతోనే ‘సాగు’, ‘ఆగు’ చెప్పే పద్ధతి) పీపీపీ నడపవద్దు. వేరే దారి లేకపోతే అసింక్‌మ్యాప్‌ను (పీపీపీ నేరుగా పంపకూడని అక్షరాల పట్టిక) 0ఎక్స్‌ఏ0000గా ఇవ్వండి. పీపీపీకి ముందరి పద్ధతి అయిన స్లిప్‌లో ఆ వెసులుబాటు కూడా లేదు.

- పోర్టు వేగాన్ని ఒక్కచోట బిగించండి. లైను వేగాన్ని బట్టి మార్చనివ్వవద్దు.

- పీపీపీలో గుర్తింపు చూసే పద్ధతుల్లో పీఏపీ పాస్‌వర్డును దాచకుండా పంపుతుంది. రెండు కొసలూ మీవే అయితే చాప్ అనే పద్ధతి వాడండి.

- లాగిన్ అక్కరలేని మోడెమ్‌లో ‘ఎస్0=0’ (ఫోను మోగినా జవాబివ్వవద్దని) పెట్టండి. జవాబిచ్చే మోడెమ్ ఎప్పుడూ ఒక తెరిచిన తలుపే.

- మూడు ప్లస్సులను ఎస్కేప్‌గా తీసుకునే అలవాటును ‘ఎస్2=255’తో ఆపండి. ప్లస్సులకు ముందూ వెనుకా విరామం చూడని మోడెములను అవతలివారు పంపిన ఒక్క పింగ్ ప్యాకెట్టుతో తెంచవచ్చు. డీటీఆర్ తీగ సరిగ్గా ఉంటే ఫోను పెట్టేయడానికి ఆ ప్లస్సుల అవసరమే ఉండదు.

- డిజిటల్ పీబీఎక్స్ (ఆఫీసు ఫోను ఎక్స్ఛేంజి) సాకెట్‌లో మోడెమ్ పెట్టవద్దు. మోడెమ్ కాలిపోవచ్చు.

- ఉరుములు మెరుపులు మొదలైతే ఫోను తీగను గోడ దగ్గరే తీసేయండి. స్విచ్ ఆపడం చాలదు.

- ఫోను తీగ కొసలను ఒట్టి చేతులతో తాకవద్దు. గంట మోగేటప్పుడు అందులో పదుల వోల్టుల ఏసీ ఉంటుంది.

- ఇంటర్నెట్ ఫోను అడాప్టరు గుండా కలుపుతుంటే జీ.711 తప్ప వేరే కోడెక్ (ధ్వనిని అంకెలుగా మార్చే పద్ధతి) వద్దు. లైను నిలవకపోతే వేగాన్ని 14,400కు, అవసరమైతే 9,600కు దించండి.

- మూడు తీగల కేబుల్‌ను తాత్కాలికంగా కూడా వాడవద్దు. దాన్ని మోడెములున్న పెట్టెలో ఉంచవద్దు.

- ఎన్‌వీర్యామ్ చిప్పులోని బ్యాటరీ చచ్చిపోతే ఈఈప్రామ్ విలువలన్నీ మొదటికి వస్తాయి, ‘టీటీవైఏ-ఇగ్నోర్-సీడీ’ మళ్ళీ ‘ట్రూ’ అవుతుంది. ఆ విలువ మారిందని ఏ హెచ్చరికా రాదు, మోడెమ్ మునుపటిలాగే ‘ఓకే’ అంటుంది. చిప్పు మార్చినప్పుడు, గడియారం తప్పు చూపినప్పుడు, సిస్టమ్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఫోను తీగ పీకి చూసే పరీక్షను మొదటి నుంచి చేయండి.