ప్యాకర్స్ వచ్చేలోపు ఇంట్లో చేసి పెట్టుకోవాల్సినవి

ముందు ఫ్రిజ్ సంగతి చూడండి. లారీ వచ్చే ముందురోజే ఆఫ్ చేసి, ఐసంతా కరిగాక వెనక ట్రేలో చేరిన నీళ్లు పారబోయండి. తలుపు కాస్త తెరిచే ఉంచండి, లేకపోతే తడికి బూజు పడుతుంది.

ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కి, బిగించిన రోజు వెనక నుంచి తీసిన ట్రాన్సిట్ బోల్టులు వెతికి మళ్లీ పెట్టాలి. అవి లేకుండా ఎక్కిస్తే దారిలో కుదుపులకి డ్రమ్ము ఊగి సస్పెన్షన్ దెబ్బతింటుంది. కింద ఫిల్టర్ మూత విప్పేటప్పుడు పళ్లెం పెట్టుకోండి, లోపల మిగిలిన నీళ్లు కారతాయి.

గ్యాస్ సిలిండర్‌ని లారీ ఎక్కించకూడదు. ఊరు మారుతుంటే సిలిండర్, రెగ్యులేటర్ ఏజెన్సీలో అప్పజెప్పి, డిపాజిట్‌తోపాటు, కనెక్షన్ వదులుకున్నట్టు ఇచ్చే టెర్మినేషన్ వోచర్ తీసుకోండి. కొత్త ఊళ్లో కనెక్షన్‌కి అది అడుగుతారు.

ఆవకాయ మాత్రం ప్యాకర్స్ చేతికి ఇవ్వొద్దు. జాడీకి ఎంత గట్టిగా గుడ్డ కట్టినా నూనె కారుతుంది. పక్క పెట్టెలో పట్టుచీరలుంటే ఇక చెప్పేదేముంది! మూత బిగుసుకునే సీసాల్లోకి మార్చి మీతోనే పెట్టుకోండి. బంగారం, ఇంటి కాగితాలూ అంతే.

అపార్ట్‌మెంట్లయితే రెండుచోట్లా లిఫ్ట్ ఏ టైముకి ఇస్తారో అసోసియేషన్‌ని ముందే అడగండి. టీవీ, బీరువా, అద్దాలకి ఫొటోలు తీసి ఉంచండి. సామాన్ల లిస్టులో ప్యాకర్స్ ‘గీతలున్నాయి’ అని రాస్తే, నిజంగా ఉన్నాయో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి.