లూసిల్ బాల్ నటనను ఎక్కడ మొదలుపెట్టి చూడాలి

అమెరికన్ హాస్యనటి లూసిల్ బాల్ (1911–1989) సినిమాలతో మొదలుపెట్టకండి. 1937 నాటి ‘స్టేజ్ డోర్’లో ఆమెది సహాయ పాత్రే, అక్కడే ఆగితే ఆమె గొప్పతనం అందదు. ముందు ఆమె టీవీ కామెడీ సీరియల్ ‘ఐ లవ్ లూసీ’ రెండో సీజన్ మొదటి ఎపిసోడ్, 1952లో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ కథ పెట్టుకోండి. అరగంట కూడా పట్టదు. చాక్లెట్లను మోసుకొచ్చే యంత్రపు బెల్టు వేగం పెరిగేకొద్దీ చాక్లెట్లు నోట్లో, టోపీలో, దుస్తుల్లో కుక్కేసుకుంటుంది. మొదటిసారి హాయిగా నవ్వుకోండి. రెండోసారి సౌండ్ తీసేసి కళ్లూ చేతులే గమనించండి. మాట లేకున్నా కంగారంతా తెలుస్తుంది. అసలు పనితనం అదే!

రంగులద్దిన ప్రతులు వద్దు, నలుపు తెలుపువే చూడండి. ప్రేక్షకుల ఎదుట మూడు కెమెరాలతో 35 ఎంఎం ఫిల్మ్‌పై తీశారు కాబట్టే బొమ్మ ఇప్పటికీ స్పష్టంగా ఉంది. 1962లో మాజీ భర్త డెసీ ఆర్నాజ్ వాటా కొని డెసిలూ స్టూడియోను ఆమే నడిపింది. ఆ కథ తర్వాత చదవండి.